కట్ పీసులో మిగిలిన బేరం

మహబూబాబాద్ బజారులో మా నాయిన బట్టల దుకాణానికి బోర్డు ఉంది కానీ, దాన్ని చదివి లోపలికి వచ్చినవాళ్ళు తక్కువ. అందరూ నాయిన గొంతు విని వచ్చేవారు. రోడ్డు మీద పోతున్న మనిషి నడక, భుజం మీది తువ్వాల చూసి ఏ భాషలో పిలవాలో ఆయన నిర్ణయించుకునేవాడు. రైతులకు తెలుగు, కుట్టుపని చేసే సాయిబులకు ఉర్దూ, తండాల నుంచి వచ్చే ఆడవాళ్ళకు వాళ్ళ ఇంటి భాష. మిగతా దుకాణాల్లో తండావాళ్ళు సావుకారికి అర్థం కాకుండా తమలో తాము ధర మాట్లాడుకునేవారు. మా దుకాణంలో ఆ సౌకర్యం లేదు. "ఈ సేటు ముందట మాట్లాడాల్నంటే ఇంకో కొత్త భాష నేర్వాలె" అని ఒక అవ్వ ఎప్పుడూ అనేది. అని, మళ్ళీ మా దుకాణానికే వచ్చేది.

నేను ఆ గొంతు వింటూ పెరిగాను. "ఆఖరి మాట చెప్పు" అనేది నేను బళ్ళో చేరకముందే నేర్చుకున్న వాక్యం. జనగామలో స్టీలు సామాను దుకాణం ఉన్న ఇంటికి కోడలిగా వెళ్ళాక నా బేరాలకు అక్కడ కూడా పేరు వచ్చింది. మంచి పేరే అని నేను అనుకుంటాను. కూరగాయల బండి అన్న నన్ను దూరం నుంచి చూసి కొత్తిమీర కట్ట తీసి పక్కన పెడతాడు, ఎలాగూ కొసరు అడుగుతానని. మా ఆయన నాతో బజారుకు రావడం ఎప్పుడో మానేశాడు. నేను బేరమాడుతుంటే అవతలి మనిషి మీద ఆయనకు జాలి కలుగుతుందట.

నాయిన గొంతులో గడ్డ వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి, గడ్డతో పాటు మాట పుట్టే పెట్టెను కూడా తీసేశారు. మనిషి దక్కాడు. ఆకలి తిరిగి వచ్చింది, చెంపలు నిండాయి. మాట మాత్రం రాదు. మెడ దగ్గర రంధ్రం మీద పల్చటి తెల్ల గుడ్డ కట్టుకుంటాడు, అది కూడా మా దుకాణంలోని మల్లు బట్టే. మెడకు ఆనించి మాట్లాడే మెషిన్ ఒకటి డాక్టరు చూపించాడు. నొక్కితే రేడియోలో స్టేషన్ దొరకనప్పటి ధ్వని వచ్చింది. నాయిన దాన్ని మర్యాదగా డబ్బాలో పెట్టి మూత వేశాడు. మళ్ళీ తీయలేదు.

దుకాణంలో కూర్చోవడం కూడా అప్పుడే మానేశాడు. దుకాణం వెనకే ఇల్లు, మధ్యలో ఒక పరదా. పరదా ముందర గల్లా దగ్గర అమ్మ, వెనక మంచం మీద నాయిన. అమ్మ చాలా మంచి మనిషి, అంటే వ్యాపారానికి పనికిరాదు. గిరాకీ అడిగిన ధరకు ఇచ్చేస్తుంది. కొందరి ముఖం చూసి, వాళ్ళు అడగకముందే తగ్గిస్తుంది. పరదా వెనక నుంచి నాయిన మీటరు బద్దతో మంచం కోడును కొట్టేవాడు. ఒక్క దెబ్బంటే ఇవ్వవద్దని. అమ్మ వినిపించనట్టే బట్ట కొలిచి చింపేది.

వెళ్ళినప్పుడల్లా నేను అడిగేదాన్ని, "నువ్వే వచ్చి కూసో నాయినా, ఈమె దుకాణం మొత్తం పంచిపెట్టేటట్టున్నది" అని. ఒకరోజు ఆయన బట్ట మీద గీత గీసే సుద్ద తీసుకొని, మంచం మీద నుంచి వంగి, నల్ల బండ మీద రాశాడు.

"నోరు లేనోనితోని బేరం ఎవలు చేస్తరు?"

నేను చదివే దాకా ఆగి, కాలితో చెరిపేశాడు.

బజారులో ఎవరికీ లోకువ కాని నేను ఆ రోజు రైలెక్కి జనగామ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కాజీపేట దాటాక బావ కెమెరా గుర్తొచ్చింది.

మా అక్కను భూపాలపల్లి ఇచ్చారు. బావకు అక్కడ బొగ్గు గనుల క్వార్టర్ల దగ్గర ఎలక్ట్రికల్ సామాను దుకాణం ఉంది. ఫోన్లలో ఇంత మంచి వీడియో రాని రోజుల్లో ఆయన చేతి పట్టీలో వేళ్ళు దూర్చి పట్టుకునే చిన్న వీడియో కెమెరా కొన్నాడు. టేపు అక్కర్లేదు, అంతా లోపలే జమ అవుతుందని ఊరందరికీ చెప్పాడు. ఒక దసరాకు ముందే మహబూబాబాద్ వచ్చి, గిరాకీ జోరుగా ఉన్న రోజంతా మా దుకాణంలో తిరుగుతూ తీశాడు. ఆ తర్వాత అందులో ఏముందో ఎవరమూ చూడలేదు. మా ఇళ్ళలో వీడియో తీయించుకోవడం ముఖ్యం, చూడటం ఎప్పుడో తీరిక దొరికినప్పుడు.

అక్కకు ఫోన్ చేశాను. "బావ కెమెరా ఉన్నదా, అమ్మిండా?"

"అమ్ముడా? నన్నన్న అమ్ముతడు గని దాన్ని అమ్మడు. బీరువల నా పట్టుచీరల పక్కన పండవెట్టిండు."

బావ సరుకు కోసం హైదరాబాద్ పోతూ జనగామలో దిగి కెమెరా ఇచ్చాడు. మర్నాడు తిరుగు ప్రయాణంలో తీసుకుపోతానన్నాడు. చేతిలో పెడుతూ చెప్పిన మాట ఒకటే. "మరదలా, నీ సంగతి నాకెరికే. దీన్ని ఎవనికన్న ఎక్స్ఛేంజిల ఇచ్చేవు, జర పైలం."

కెమెరాను నాలుగు వైపులా తిప్పి చూశాను. వాళ్ళింట్లో దసరా పూజ శ్రద్ధగా జరుగుతుందని అర్థమైంది. తక్కెడకు, కత్తెరకు, గల్లా పెట్టెకు పెట్టినట్టే దీనికి కూడా ప్రతి ఏడూ పసుపు కుంకుమ పెట్టారు. కేబుల్ దూర్చే సందులో కుంకుమ గట్టిపడి ఎర్రటి బిరడాలా కూర్చుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి, పాత టూత్ బ్రష్ తీసుకొని, మనసులో అమ్మవారికి దండం పెట్టుకుంటూ అదంతా తోడేశాను. బ్యాటరీ పనిచేయలేదు, చార్జరు గోడకు పెడితే కెమెరా లేచింది. కంప్యూటరుకు కలిపే కేబుల్ మాత్రం ఎక్కడో పోయింది.

స్టేషన్ రోడ్డులో ఫోన్ల సామాను అమ్మే తమ్ముడి దగ్గర అలాంటిది దొరికింది. అతను ధర చెప్పగానే నవ్వాను. నా బేరం ఎప్పుడూ నవ్వుతోనే మొదలవుతుంది.

"కంపెనీ మాల్ అక్కా."

"ఏ కంపెనీ? దీని మీద పేరేది?"

"పేరుంటే గింతకే ఎట్ల వస్తది?"

"పేరు లేని దానికి పేరున్న దాని ధర ఎట్ల చెప్తవు మల్ల?"

అతను నా వైపు కాసేపు చూసి, వంగి, బల్ల కింద నుంచి ఇంకో కేబుల్ తీశాడు. "గిది తీస్కపో. నువ్వన్న ధరకే."

నేను అక్కడ ఆగాల్సింది. అతను తగ్గించింది ధర కాదు, సరుకు మార్చాడు. ఈ పని నా దుకాణంలో నేను ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. గిన్నె ధర తగ్గించమని పట్టుబట్టిన మనిషి చేతిలో అలాంటిదే పల్చటి గిన్నె పెట్టి, ఓడిపోయినట్టు ముఖం పెడతాను. అదే ముఖం ఎదురుగా కనిపిస్తున్నా నాకు తెలియలేదు. గెలిచి ఇంటికి వచ్చాను.

కేబుల్ పెట్టాను. కెమెరాకు దీపం వెలిగింది. కంప్యూటరులో ఉలుకూ పలుకూ లేదు. తీసి పెట్టాను, తిప్పి పెట్టాను, ఊది పెట్టాను. చివరికి బావకు ఫోన్ చేశాను.

"గది చార్జింగ్ వైరు. దాంట్ల కరెంటు పోతది గని బొమ్మ పోదు. బొమ్మ పోవాల్నంటే లోపల ఇంకో రెండు తీగలు ఉండాలె. ఎంతకు కొన్నవు?"

చెప్పాను.

"మంచిగ తగ్గిచ్చినవు," అన్నాడు బావ. "తీగలు గూడ తగ్గినయ్."

మర్నాడు పొద్దున దుకాణం తీయగానే మళ్ళీ అదే తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. నిన్నటి మొదటి కేబుల్ వైపు వేలు చూపించాను. అతను ధర చెప్పాడు. నేను ఇచ్చాను. అతను డబ్బు పట్టుకొని నా ముఖంలోకి చూశాడు. "పానం మంచిగున్నదా అక్కా?" అని అడిగాడు.

మా ఇల్లు దుకాణం మీద మేడ. కంప్యూటరు అక్కడే ఉంటుంది, బిల్లులకు, పన్ను లెక్కలకు. ఈసారి కేబుల్ పెట్టగానే కంప్యూటరు గంట కొట్టినట్టు చిన్న చప్పుడు చేసి, లోపల కొత్త అర ఒకటి తెరిచింది. అరలో అర, దాంట్లో ఇంకో అర. అన్నిటికంటే లోపలి దాంట్లో వరసగా ఫైళ్ళు. ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ సున్నలతో మొదలయ్యే అంకెలు. చీటీలు లేని సరుకు దిగితే మా దుకాణంలో ఏం చేస్తామో అదే చేశాను. బరువు చూశాను.

బట్టల దుకాణంలో పుట్టినవాళ్ళకు ఒక చూపు ఉంటుంది. లారీ నుంచి సరుకు దిగితే ముందు తానులు లోపలికి పోవాలి. తాను అంటే మొత్తం బట్ట చుట్ట, అదే ఆస్తి. తానులు అమ్మగా అమ్మగా చివర మిగిలే ముక్కలు కట్ పీసులు. వాటిని బుట్టలో పడేసి గుమ్మం ముందర పెడతాం, వచ్చిన ధరకు పోతాయి. బావ సాయంత్రం రైలుకు వస్తాడు, మా కంప్యూటరు ముసలిది. కాపీ కావడానికి ఎంతసేపు పడుతుందో అది పూటకో మాట చెబుతోంది, పండగ ముందు దర్జీ లాగ. అందుకని పెద్ద ఫైళ్ళన్నీ ఏరి కాపీకి పెట్టాను. చిన్నవి ఒకటి రెండు తెరిచి చూస్తే ఒకదాంట్లో బావ బొటనవేలు, ఇంకోదాంట్లో మా దుకాణం నేల. కట్ పీసులు అనుకొని వదిలేశాను.

సాయంత్రం బావ వచ్చి, కెమెరాను గుడ్డలో చుట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని భూపాలపల్లి పోయాడు.

అప్పుడు కూర్చొని మొదటి తాను విప్పాను. తెర మీద మా దుకాణం. గల్లా వెనక నాయిన, మీసాలు నల్లగా, మెడలో కొలత టేపు. ముందర చీరలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఆయన చెయ్యి ఊపుతున్నాడు, బట్టను గాలిలోకి విసిరి పరుస్తున్నాడు, నోరు ఆగకుండా ఆడుతోంది. చప్పుడు లేదు.

సౌండు పెంచాను. స్పీకరు తీగ గట్టిగా నొక్కాను. కంప్యూటరులో ఉన్న వేరే పాట పెడితే మేడ అదిరింది. ఈ ఫైళ్ళలో మాత్రం, ఒక్కదాంట్లో కూడా, మాట లేదు. నోరు ఆడే నాయిన, వినిపించని నాయిన. ఇంతకోసమైతే మహబూబాబాద్ పోయి మంచం పక్కన కూర్చుంటే సరిపోయేది. తెర ఆపేసి కిందికి వెళ్ళి, ఎవరూ అడగకపోయినా గిన్నెలన్నీ దించి తుడిచాను.

ఊళ్ళో కంప్యూటర్లు బాగు చేసే అతని దగ్గరికి ఒక ఫైలు ఫోన్‌లో ఎక్కించుకొని పోయాను. చూశాడు. ఫైలుకు ఇంత అని చెప్పాడు. మళ్ళీ నవ్వాను.

"గంత ఎందుకు తమ్మీ? మాట ఒక్కటి రావాలె, అంతే గద."

"అంతే గద అంటరు. ఈ కెమెరాలు బొమ్మను ఒక తీరుగ, మాటను ఇంకో తీరుగ మూట గడ్తయ్ అక్కా. మీ కంప్యూటర్ల ఉన్న ప్లేయరుకు బొమ్మ మూట ఇప్ప వస్తది, మాట మూట ఇప్పరాదు."

"నీకెట్ల వస్తది మరి?"

"రెండు మూటలు ఇప్పే ప్లేయరు వేరే ఉంటది. అది ఏస్కోవాలె."

"కొనాల్నా అది? మస్తు ధర ఉంటదేమో."

"కొనుడెందుకు, ఊకెనే..." అని ఆగిపోయాడు.

ధర ఎందుకంత అని అడిగితే, మనిషి తన పనంతా వివరించి చెబుతాడు. ఇది నాయిన నేర్పిన విద్య. నా దుకాణంలో నా మీద ఎవరైనా ప్రయోగిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంతోసేపు అరలన్నీ దింపించి "ఇంట్ల అడిగి వస్త" అని పోయేవాళ్ళను నేను మనసులో ఏమనుకుంటానో రాయను. ఆ రోజు నేనే లేచి నిలబడి, "ఇంట్ల అడిగి వస్త తమ్మీ" అన్నాను. అతను నా వెనక ఏమనుకొని ఉంటాడో నాకు పదం పదం తెలుసు. గుమ్మం దాకా పోయి, సిగ్గేసి, వెనక్కి వచ్చి ఒక పెన్‌డ్రైవ్ కొన్నాను. బేరం చేశాను, కానీ కొంచెమే.

ఇంటికి వచ్చి ఆ ప్లేయరు వెతికి దింపుకున్నాను. అడిగిన ప్రతిదానికీ సరే నొక్కాను, జీవితంలో అన్ని సరేలు నేను ఎవరికీ చెప్పలేదు. ఫైలు మీద నొక్కాను.

"రా యాడీ, రా. నిలవడి చూస్తె బట్ట సంగతి ఎట్ల తెలుస్తది. కూసో, మంచినీళ్ళు తాగు, తరువాత తిడుదువు."

తండా భాషలో యాడీ అంటే అమ్మా అని. ఆ గొంతు అచ్చం అట్లాగే ఉంది, అంచు మీద కొంచెం గరగర, మాట చివర చిన్న సాగదీత. మెట్ల మీద ధడధడ చప్పుడైంది. కింద గిరాకీ దగ్గర ఉన్న మా ఆయన చేతిలో చెంబుతోనే పైకి వచ్చేశాడు.

"మామ ఎప్పుడొచ్చిండు?"

నేను తెర వైపు చూపించాను. ఆయన చెంబు కింద పెట్టి, గోడకు ఆనుకొని నిలబడిపోయాడు. కింద గిరాకీ పిలుస్తూనే ఉంది. ఎవరి సాయమూ లేకుండా, నిజం చెప్పాలంటే అందరి దగ్గరా గుంజుకొని, నేనే పట్టుకొచ్చాను ఆ మాటను. ఇప్పటికీ ఆ గర్వం తగ్గలేదు, తగ్గించమని ఎవరడిగినా తగ్గించను.

కొద్ది రోజులకు నాయిన, అమ్మ హైదరాబాద్ దవాఖానలో చూపించుకొని తిరిగి వస్తూ మా ఇంట్లో దిగారు. ఏమీ చెప్పకుండా నాయినను కంప్యూటరు ముందర కుర్చీలో కూర్చోబెట్టాను.

గొంతు రాగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయిన ఏడవలేదు. ముందుకు వంగి, పక్క దుకాణంవాడి వ్యాపారం గమనిస్తున్నట్టు చూశాడు. తెర మీద ఎర్ర చీర పరిచి ఉంది. ఎదురుగా ఆ అవ్వే, కొత్త భాష నేర్వాలె అనే అవ్వ. మనుమరాలి పెళ్ళి బట్టలకు వచ్చింది, వెనక తండా ఆడవాళ్ళు నలుగురైదుగురు.

"సేటు, ఈ రంగు ఒక్క ఉతుకుకు పోతది."

"పోతె నా దగ్గరికి తే. నా మీసాల రంగు పోవాలె గని దీని రంగు పోదు."

"మీసాలకు నువ్వే రంగేస్తివి, మాకెరుక లేదా?"

వెనక ఆడవాళ్ళు నవ్వారు. కుర్చీలో నాయిన భుజాలు కదిలాయి. ఇప్పుడు ఆయన నవ్వు అంతే, భుజాల్లో ఉంటుంది. బేరం సాగింది. అవ్వ చీరను పక్కకు నెట్టింది, నాయిన మళ్ళీ దగ్గరికి జరిపాడు. అవ్వ తన భాషలో ఏదో అని లేచి నిలబడింది. నాయిన గల్లా వెనక నుంచి సగం లేచాడు.

"ఆగు యాడీ. గిటు రా. అందరు వినంగ చెప్పేది కాదు గని..."

తెర నల్లబడింది. ఫైలు అయిపోయింది.

నాయిన చెయ్యి ఊపాడు, తర్వాతది పెట్టమని. పెట్టాను. దసరా పూజ వచ్చింది, కొబ్బరికాయ కొడుతున్న అక్క. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి పెట్టాను, అందులో బజారు. బల్ల మీద వేళ్ళతో కొట్టాడు. వెనక్కి పోయాను, ముందుకు పోయాను. ఆ బేరం చివర ఎక్కడా లేదు. నాయిన భుజం మీది తువ్వాల తీసి, కుడి చేతి మీద కప్పి, ఆ చేతిని నా ముఖం ముందర ఆడించాడు. నాకు అర్థం కాలేదు. కోపంగా లేచి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఇంతసేపు ఆయన గొంతు వినిపించినందుకు మెచ్చుకుంటాడని ఎదురు చూసిన నేను, కుర్చీ పట్టుకొని నిలబడ్డాను.

"అది మీ తాత నేర్పిన పని," అంది అమ్మ. "మీ తాత మూట నెత్తినవెట్టుకొని గూడూరు దిక్కు వారపు అంగళ్ళకు పోయేటోడు. బట్టల దుకాణాల పక్కపొంటి పశువుల బేరాలు. ఎడ్ల బేరగాళ్ళు నోటితోని ధర చెప్పరు బిడ్డా. తువ్వాల కింద చెయ్యి పట్టి వేళ్ళు ఒత్తుకుంటరు. ఇన్ని వేళ్ళు పట్టుకుంటె ఇంత. పక్కనోనికి తెల్వది. మీ నాయినకు గూడ అలవాటు. మస్తు మంది ఉండంగ ఒక్కలకు తగ్గియ్యాల్నంటె గట్లనే చేసేటోడు. గిప్పుడెవలకు ఎరుక గవన్ని."

"నేనెన్నడు సూడలే."

"నువ్వు నోరిప్పినంక ఇంకెవల చేతులు చూస్తవు?"

నాకు తట్టింది. కెమెరా పొడుగ్గా తీసిన దాన్ని ఒక కొలత రాగానే తానే కోసి, మిగిలింది ఇంకో ఫైలులో వేస్తుంది. ఆ మిగిలిన ముక్క చిన్నది. చిన్నవి నేను ముట్టుకోలేదు. బట్టల దుకాణం బిడ్డను కాకపోయి ఉంటే ఆ తప్పు చేసేదాన్ని కాదు, వరసగా అన్నీ కాపీ చేసుకునేదాన్ని.

ఆ ఆదివారం పరకాల మీదుగా భూపాలపల్లి బస్సెక్కాను. సంచిలో పెన్‌డ్రైవ్, పూర్తి ధర పెట్టి కొన్న కేబుల్. ఊరు దగ్గరపడే కొద్దీ బొగ్గు లారీలు, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద నల్లటి పొడి. బావ గుమ్మంలోనే ఆపాడు.

"మల్లెందుకు మరదలా? మొన్న నీకిచ్చినదానికే కిరాయి రాలే."

"కిరాయి అడుగుడు గాదు. నీ కెమెరల ఏమున్నదో నువ్వే సూడకపోతివి. అన్ని దించి, నీ కంప్యూటర్ల ఏసి, మాట వచ్చేటట్టు చేసిస్త. నువ్వే నాకు కూలియ్యాలె."

"సూసినవా," అన్నాడు బావ లోపల ఉన్న అక్కతో. "వచ్చింది మనింటికి పని మీద. బాకీ పడ్డది మనం."

అక్కా వాళ్ళ కంప్యూటరులో ఈసారి ఒక్క ముక్క వదలకుండా అన్నీ దించాను. బావ బొటనవేలు, మా నేల, "ఆపు గది, నా జుట్టు రేగింది" అంటున్న అక్క, అన్నీ. మాట మూట విప్పే ప్లేయరు వాళ్ళకు కూడా ఎక్కించాను. నాక్కావలసిన ముక్క ఎక్కడుందో ఫైలు అంకెను బట్టి తెలిసింది, పెద్దదాని వెంటనే ఉంది. బావ తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. "సరుకు గలాయన ముందు సూడాలె."

మహబూబాబాద్‌లో ఇల్లు చేరేసరికి నాయిన మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. పరదా వెనక మూలలో ఒక పాత కంప్యూటరు ఉంది, నేను ఇప్పుడున్నది కొన్నప్పుడు వీళ్ళకు ఇచ్చింది. దానికి కూడా మాట నేర్పాను. మూడు ఊళ్ళలో మూడు కంప్యూటర్లు, ఇక నేను ఈ పనిలో పాత కాపునే. పెన్‌డ్రైవ్ పెట్టి నాయిన భుజం తట్టాను.

తెర మీద అవ్వ తిరిగి వచ్చి గల్లాకు ఆనుకొని నిలబడింది. నాయిన ఎర్ర చీర మడత ఒకటి ఎత్తి తన చేతి మీద వేసుకున్నాడు. అవ్వ గాజుల చెయ్యి ఆ మడత కిందికి పోయింది. దుకాణమంతా నిశ్శబ్దం. వెనక ఆడవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు, వాళ్ళకు కనిపించేది బట్ట కదలడం ఒక్కటే. అవ్వ కళ్ళు చిన్నవి చేసింది. నాయిన కనుబొమలు పైకి పోయాయి, కిందికి వచ్చాయి. అవ్వ తల అడ్డంగా ఊపింది. బట్ట మళ్ళీ కదిలింది. అంత వాగుడు వాగిన మనిషి పెదవులు మూసుకొని, మొత్తం ఒంటిని ఆ అరచేతిలోకి దించినట్టు నిలబడ్డాడు. తర్వాత ఇద్దరి ముఖాలూ ఒకేసారి విచ్చుకున్నాయి. అవ్వ చెయ్యి బయటికి తీసుకొని, వేళ్ళు దులుపుకొని, చీర సంచిలో వేసుకుంది.

"ఎంతకు తెగింది మామా?" కెమెరా వెనక నుంచి బావ గొంతు.

"చీర అమ్ముడువోయింది. నీకు గంతవరకే ఎరుక కావాలె."

నాయిన మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. మూడోసారి ఆయనే నా చేతిలోంచి మౌసు తీసుకొని, మాట్లాడే చోటు వదిలేసి, బట్ట కదిలే చోటికి జరుపుకొని చూశాడు. గొంతు కోసం నేను ఇన్ని ఊళ్ళు తిరిగితే, ఆయన గొంతు లేని ముక్కను ఏరుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను పరదా వెనక టీ పోస్తున్నాను. దుకాణంలో ఇద్దరు ఆడవాళ్ళు, తండా నుంచి వచ్చిన అత్తాకోడళ్ళు. పరుపుల బట్ట కోసం కోడలు బేరమాడుతోంది, అమ్మ అప్పటికే తగ్గించడం మొదలుపెట్టింది. మంచం కోడు మీద బద్ద దెబ్బ వినిపిస్తుందనుకున్నాను. పరదా కదిలింది. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకొని, మెడ గుడ్డ సర్దుకుంటూ దుకాణంలోకి వెళ్ళాడు. అమ్మను పక్కకు జరగమని సైగ చేసి గల్లా దగ్గర కూర్చున్నాడు. పరుపుల బట్ట మడత ఒకటి ఎత్తి, దాని కిందికి చెయ్యి పెట్టి, కోడలి వైపు చూశాడు.

కోడలు అయోమయంగా అమ్మ వైపు చూసింది. "ఏంది గిది?"

అత్త ఆమెను మోచేత్తో పక్కకు నెట్టింది. "నీకెరుక లేదు, జరుగు. మా బాపు గిట్లనే ఎడ్లు కొనేటోడు." అని ముందుకు వచ్చి, "ఇంక మర్వలేదా సేటు నువ్వు?" అంటూ చెయ్యి దూర్చింది.

బట్ట కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. పక్క దుకాణంవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అత్త ముఖం చిట్లించింది.

"గట్ల ఒత్తితె వేలు ఇరుగుతది. జర దిగు సేటు, జర దిగు."

నాయిన దిగాడు. కొంచెమే దిగాడని అత్త పెదవి విరుపు చూస్తే తెలిసింది. తర్వాత నాయిన భుజాలు ఊగాయి, అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆయన మీటరు బద్ద పెట్టి కొలిచి, అంచు పళ్ళతో కొంచెం కొరికి, బట్టను చర్రున చింపాడు. గల్లా తీసి డబ్బు తానే వేసుకున్నాడు. అమ్మ గల్లాలోకి తొంగి చూసింది, నాయిన వైపు చూసింది, లోపలికి వచ్చి నా చేతిలోంచి టీ గిన్నె తీసుకుంది.

"ఇగ నన్ను కూసోనియ్యడు," అంది. ఆ మాట ఫిర్యాదులాగ అనబోయింది కానీ కుదరలేదు.

మధ్యాహ్నం రైలుకు బయలుదేరుతూ గల్లా దగ్గర ఆగాను. "నాయినా, ఇన్ని ఊళ్ళు తిరిగి నీ బేరం తెచ్చిచ్చిన. నా కూలి సంగతేంది?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. భుజం మీది తువ్వాల తీసి చేతి మీద వేసుకొని నా వైపు చాపాడు. నా చెయ్యి లోపలికి పెట్టాను. గరుకు వేళ్ళు నా వేళ్ళను వెతికి పట్టుకున్నాయి.

ఎన్ని పట్టుకున్నాడో చెప్పను. తువ్వాల కింద తెగిన ధర బయట చెప్పకూడదు. పెంచమని మాత్రం నేను అడగలేదు.